టేపు ఒకటి కొనుక్కో

చి. హారికకు అత్తయ్య ఆశీస్సులు.

ఇంటర్న్‌షిప్ అయిపోయిందని, రెండు చోట్ల ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. బెజవాడలో పెద్ద కళ్ళజోళ్ళ షాపు ఒకటట, జీతం ఎక్కువ. చిన్న ఊళ్ళో కంటి ఆసుపత్రి రెండోదట, జీతం తక్కువ. "ఆప్టోమెట్రీ అంటూ కళ్ళు పరీక్షించి అద్దాలు రాసే చదువు నాలుగేళ్ళు చదివీ డాక్టరు కాకపోయె" అని చివర్లో నిట్టూర్చాడు కూడా. ఇదే చదువు చదివినందుకు మా నాన్న నన్నూ ఆ మాటే అన్నారు. వాడి సంగతి నేను చూసుకుంటాలే. నీకు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి.

పవర్ ఎంతో చెప్పే మిషన్ దాదాపు ప్రతి షాపులోనూ ఉంది. గడ్డం ఆనించి లోపలి బొమ్మ వైపు చూడమంటే అంకెలు అచ్చయి వస్తాయి. ఆ కాగితం చూసి అద్దాలు రాసేయాలనిపిస్తుంది, ముఖ్యంగా బయట పదిహేను మంది కూర్చున్నప్పుడు. రాయకు. కంటిలోకి వెలుగు వేసి పవర్ తేల్చే రెటినోస్కోప్ పట్టుకుని నువ్వు చూడు. అంతకంటే ముందు ఆ మనిషి పొద్దుట్నుంచీ ఏం పని చేస్తాడో అడుగు.

ఇది నాకు నేర్పింది మంగళగిరి నేతగాడొకాయన. అప్పటికి ఆయనకు 52 ఏళ్ళు. చత్వారం. (ఆ పేరులోనే ఉంది చూడు, చత్వారింశత్ అంటే నలభై. మన పెద్దవాళ్ళు వయసుతోనే పేరు పెట్టేశారు.) దగ్గరి చూపుకు +2.00 పెడితే కార్డు మీద చిన్న అక్షరాలు గడగడా చదివాడు. నేనూ మురిసిపోయి రాసిచ్చాను. వారానికల్లా తిరిగొచ్చాడు. "పేపరు బాగానే కనపడుతోందమ్మా, పోగే కనపడటం లేదు" అన్నాడు. అర్థంకాక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుంట మగ్గం. ఆయన కాళ్ళు గుంటలోకి దించి కూర్చున్నాక టేపు పట్టి కొలిస్తే, కంటికీ పోగుకీ మధ్య 60 సెంటీమీటర్లు. నేను కార్డు పట్టుకుని చూపించింది 40 దగ్గర. వారం రోజులుగా ఆ మనిషి నా అద్దాల కోసం మగ్గం మీదికి విల్లులా వంగి నేస్తున్నాడు. నడుం పట్టేసింది. +1.25కి మార్చాను. అంతకుముందు తెగిన పోగు అతకడానికి కోడల్ని కేకేసేవాడట, ఆ తర్వాత అవసరం పడలేదు. నాకు థాంక్స్ ఏమీ చెప్పలేదు గానీ, నెల తిరక్కుండా ఆ వీధిలో నేతవాళ్ళందరూ "టేపు పెట్టి కొలిచే అమ్మ" ఎవరంటూ వచ్చారు.

మీ నాన్నకు లెక్కలంటే ఇష్టం కదా, ఈ లెక్క చెప్పు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూశారు. అద్దాలు లేనివాళ్ళతో పోలిస్తే వాళ్ళ ఆకు కోత సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. 2018లో అచ్చయిన అధ్యయనం అది.

చార్టు చదవమన్నప్పుడు "కనపడటం లేదు" అన్నవాళ్ళందరికీ చూపు లేదనుకోకు. కొందరికి చదువు రాదు, ఆ మాట నీ ముందు ఒప్పుకోవడానికి సిగ్గు. తెలుగు అక్షరాల చార్టు మీద పట్టుబట్టకుండా ఇంగ్లీషు 'E' గుర్తుల చార్టు తిప్పి, కాళ్ళు ఎటున్నాయో వేలితో చూపించమను. చదువొచ్చా అని మాత్రం అడగొద్దు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఇడ్లీ బండి నడుపుకునే ఆవిడ. దగ్గరికి అద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కుతోందనీ, దూరమే మసకగా ఉందనీ సంబరంగా చెప్పింది. యాభై దాటిన మనిషికి ఉన్నట్టుండి దగ్గరి చూపు బాగుపడిందంటే అనుమానించాల్సింది. నేను -1.50 రాసిచ్చాను. ఆవిడకు షుగరు బాగా పెరిగి ఉంది, దాంతో కంటిలోని లెన్సు మారి ఆ మైనస్ వచ్చింది. మందులు మొదలయ్యాక నెలన్నరలో ఆ పవర్ పోయింది, అద్దాలు పెట్టుకుంటే తల తిరుగుతోందంటూ వచ్చింది. మూడు రోజుల బేరం డబ్బు పెట్టి కొన్న జోడు. కొత్త అద్దాలు నా జేబులోంచి వేయించాను. అప్పట్నుంచీ షుగరు సంగతి అడక్కుండా కలం తీయను.

పిల్లలకు ఓపిక రెండింతలు కావాలి, వాళ్ళ తల్లులకు మూడింతలు. బడిలో పరీక్ష చేసినవాళ్ళు పంపితే ఆరేళ్ళ పిల్ల వచ్చింది. కుడి కన్ను నిక్షేపం, ఎడమది 6/36, అంటే మంచి కన్ను 36 మీటర్ల నుంచి చదివేది దానికి ఆరు మీటర్ల దగ్గరే కనపడుతుంది. ఒక కన్ను బాగుంటే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? అద్దాలిచ్చి, మంచి కన్ను రోజుకు రెండు గంటలు మూయమన్నాను. "బాగున్న కన్ను మూయమంటావేంటమ్మా" అని తల్లి వాదన. ప్రతి నెలా అదే వాదన, అదే జవాబు. పదకొండు నెలలకు ఎడమ కన్ను 6/9కి వచ్చింది. ఆ రోజు నేను భోజనం మర్చిపోయాను. పదేళ్ళు దాటాక వచ్చుంటే అంత తేలిగ్గా దారికి వచ్చేది కాదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన రోగి మాత్రం నన్ను తిట్టినవాడు. బస్సు డ్రైవరు, చత్వారం అద్దాల కోసం వచ్చాడు. రెండు కళ్ళూ 6/6. అయినా కంటి లోపల నరం చూస్తే నచ్చలేదు, కంటి ప్రెషర్ కూడా ఎక్కువే, 28 ఉంది. డాక్టరు దగ్గరికి పంపాను. "అద్దాలకొస్తే ఊరంతా తిప్పుతున్నావు" అని కసిరాడు. నీటికాసులని (గ్లకోమా) తేలింది. అది పట్టుకుపోయిన చూపు తిరిగి రాదని నీకు తెలుసు. తోబుట్టువుల్ని తీసుకురమ్మంటే వాళ్ళన్నయ్యకు అప్పటికే ఒక కన్ను పోయింది. ఇతను తొమ్మిదేళ్ళుగా చుక్కలు వేసుకుంటున్నాడు. చుట్టుపక్కల చూపు ఎంత మేర ఉందో చూపే ఫీల్డ్ కాగితం ఏటా తీస్తే ఎప్పుడూ ఒకేలా వస్తోంది. దాన్ని చూసి అతనికి ఏమీ అనిపించదు. నాకు మాత్రం పండగే.

ఇక ఉద్యోగం సంగతి. నేనూ రెండేళ్ళు ఒక షాపులో చేశాను. నెలకింత ఖరీదైన అద్దాలు అమ్మాలని పలకమీద రాసేవాళ్ళు. ఆ అంకె కళ్ళముందు ఉంటే పరీక్ష కుదించుకుపోతుంది, నాదీ కుదించుకుపోయింది. అన్ని షాపులూ అలాంటివి కావులే. కానీ మొదటి మూడేళ్ళు నువ్వు ఆసుపత్రిలోనే చెయ్యాలని నా మాట. శుక్లాలు, నీటికాసులు, షుగరు కళ్ళు, మెల్లకళ్ళు, అన్నీ నీ చేతిమీదుగా పోవాలి, పక్క గదిలో అడగడానికి డాక్టరుండాలి. జీతం తర్వాత పెరుగుతుంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో మన వృత్తికీ చోటిచ్చారు కాబట్టి, రిజిస్ట్రేషన్ పని మాత్రం బద్ధకించకుండా చూసుకో.

ఆదివారం వస్తే నా పాత రెటినోస్కోప్ ఇస్తాను. బల్బు మార్పించాలి. టేపు మాత్రం ఇవ్వను, అది ఇంకా నాకు పనికొస్తోంది.

మీ అత్తయ్య