ఒక్క షోనే పొద్దుమాపూ ఎందుకు వేస్తారు?

ఈ వారం ఉత్తరాల్లో టీవీ గేమ్ షోల మీద వచ్చినవే ఎక్కువ. వాటికే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అమ్మాయి కాన్పుకని డల్లాస్ వెళ్లి కొన్ని నెలలు ఉండి వచ్చాను. పగలు అమ్మాయీ అల్లుడూ ఎవరి పనిలో వాళ్లుంటే నేను మనవణ్ని ఒళ్లో వేసుకుని అచ్చంగా గేమ్ షోలే వచ్చే ఛానల్ ఒకటి పెట్టుకునేదాన్ని. ఇంగ్లిష్ అంతంతమాత్రమే అయినా ఆట అర్థమయ్యేది. కానీ మధ్యాహ్నం మొదలైతే రాత్రి దాకా ఫ్యామిలీ ఫ్యూడ్ ఒక్కటే. నాకు నచ్చిన పాత షోలేమో పొద్దున్నే కాసేపు వేసి ఊరుకునేవాళ్లు. అంత పెద్ద ఛానల్‌కు వేరే షోలే దొరకవా?
- ఒక గృహిణి, నల్గొండ

జవాబు: షోలు లేక కాదమ్మా. మీరు చూసింది గేమ్ షో నెట్‌వర్క్ అయి ఉంటుంది, జీఎస్‌ఎన్ అంటారు, 1994 డిసెంబరు 1న మొదలైంది, ఇప్పుడు సోనీ చేతిలో ఉంది. ఇలాంటి ఛానల్‌లో ఏం వేయాలన్నది సగం కాగితాల మీదే తేలిపోతుంది. పాత షోలు చాలావరకు ఛానల్ సొంతం కావు, అద్దెకు తెచ్చుకోవాలి. ఏ షో, ఏ సంవత్సరాల ఎపిసోడ్లు, ఒక్కోటి ఎన్నిసార్లు వేసుకోవచ్చు, అంతా ఒప్పందంలో ఉంటుంది. అమెరికాలో గుడ్‌సన్, టాడ్‌మన్ అని ఇద్దరు నిర్మాతలు ఉండేవారు. వాట్స్ మై లైన్, పాస్‌వర్డ్, మ్యాచ్ గేమ్, మీకు విసుగు తెప్పించిన ఫ్యామిలీ ఫ్యూడ్ కూడా వాళ్ల కంపెనీవే. జీఎస్‌ఎన్ మొదట్లో బతికిందే వాటి మీద. 1997 అక్టోబరులో ఆ ఒప్పందం అయిపోయేసరికి చాలావరకు తెర మీంచి పోయాయి, మళ్లీ 1998 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఇప్పుడు ఆ లైబ్రరీ ఫ్రీమాంటిల్ అనే సంస్థది, వాళ్లు 2015 జూన్ 1న బజర్ అని సొంతంగా ఒక ఛానల్ పెట్టుకుని పాత ఆటలు అందులో వేసుకుంటున్నారు. అమ్మాయి వాళ్లింట్లో అది వస్తుందేమో వెతకమనండి, మీకు నచ్చిన కాలం నాటివి అక్కడ ఎక్కువ.

ఇక ఫ్యామిలీ ఫ్యూడే ఎందుకంటారా, ఆ ఆట ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, రెండు కుటుంబాలు. "ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే మొదట ఏం సర్దుతారు?" లాంటి ప్రశ్న ఒకటి. దీనికి పుస్తకంలో జవాబు ఉండదు, ముందే వందమందిని అడిగి పెట్టుకుంటారు, ఎక్కువమంది ఏం చెప్పారో అదే పెద్ద జవాబు. చదువు అక్కర్లేదు, ముందు ఎపిసోడ్ చూసి ఉండక్కర్లేదు, వంటింట్లోంచి వచ్చి మధ్యలో చూసినా నిమిషంలో అందుకుంటారు, మీకే తెలియకుండా తెర వైపు చూస్తూ జవాబు అరిచేస్తారు. 1976లో మొదలైన షో అది, 2010 నుంచి స్టీవ్ హార్వీ నడుపుతున్నాడు, అప్పటి నుంచి తీసినవే కుప్పలుగా ఉన్నాయి. ఒక ఎపిసోడ్ అయిపోగానే అదే షోది ఇంకొకటి వేస్తే జనం రిమోట్ ముట్టుకోరు. కొత్త షో పెడితే "ఇదేంటో" అని మార్చేస్తారు. ఛానల్ వాళ్ల భయమంతా ఆ మార్చే క్షణం గురించే.

ఇంత చెప్పినా, మీ కోపం న్యాయమైనదే అంటాను. రోజులో సగం గంటలు ఒక్క షోకే ఇచ్చేస్తే ఆ ఛానల్‌కు గుర్తింపు అంటూ ఏం మిగులుతుంది? రేపు ఆ ఒప్పందం పోతే జనం కూడా ఆ షో వెంటే పోతారు. పాత ఎపిసోడ్లను వేసే తీరు కూడా నాకు నచ్చదు. వాటిలో ఆట ఎక్కువ, యాడ్స్ తక్కువ, ఇప్పటి యాడ్స్‌కు జాగా కావాలంటే ఆటలోనే ఏదో ఒకటి కోయాలి. యాంకర్‌తో మనుషులు మాట్లాడే నాలుగు ముక్కలే ముందు పోతాయి, చూడాల్సింది అవే.

అదే ఛానల్ మంచి పని చేసిన సందర్భం ఒకటి చెప్పాలి. ప్రెస్ యువర్ లక్ అని ఒక షో, పెద్ద బోర్డు మీద లైటు గడి నుంచి గడికి దూకుతుంటుంది, బటన్ నొక్కితే ఆగుతుంది, డబ్బు గడి మీద ఆగితే డబ్బు, కార్టూన్ దెయ్యం మీద ఆగితే అప్పటిదాకా గెలిచిందంతా పోతుంది. 1984లో మైకేల్ లార్సన్ అనే ఆయన ఇంట్లో రికార్డు చేసుకుని చూసి చూసి, ఆ లైటు దూకే తీరులు ఐదే, అవే మళ్లీ మళ్లీ వస్తాయని కనిపెట్టాడు. షోకి వెళ్లి 1,10,237 డాలర్లు గెలిచాడు. రూల్స్ ఏవీ తప్పలేదు కాబట్టి ఆ షో వేసే సీబీఎస్ ఛానల్ డబ్బు ఇచ్చింది గానీ, ఆ ఆటను మళ్లీ వేయలేదు. జీఎస్‌ఎన్ 2003లో దాన్ని బయటికి తీసి, అప్పటి వాళ్లతో మాట్లాడించి డాక్యుమెంటరీగా వేసింది. పాత సరుకు చేతిలో ఉన్న ఛానల్ చేయాల్సింది ఇలాంటి పని.

ప్రశ్న: గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. తెలుగులో సీరియళ్లకు, సినిమాలకు, పాటలకు ఛానళ్లు ఉన్నాయి, గేమ్ షోలకు ఎందుకు లేదు? పాత మీలో ఎవరు కోటీశ్వరుడు రోజూ వేసినా మాలాంటి వాళ్లకు జీకే వస్తుంది కదా.
- డిగ్రీ విద్యార్థి, వనపర్తి

జవాబు: తమ్మీ, మన దగ్గర పాత షోలు ఒక్క చోట లేవు. ఈటీవీవి ఈటీవీ దగ్గర, స్టార్ మావి స్టార్ మా దగ్గర, జెమినీవి జెమినీ దగ్గర. ఎవరి యాప్ వాళ్లకుంది, పక్కవాళ్లకు ఎందుకిస్తారు? పైగా కోటీశ్వరుడు లాంటి ఆట ఫార్మాట్ 1998లో బ్రిటన్‌లో పుట్టింది, దాన్ని వాడుకోవాలంటే ఆ హక్కుదారులకు కట్టాలి.

నీ జీకే సంగతికి వస్తే, కొంచెం జాగ్రత్త. తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది, నాగార్జునతో ఆ షో మా టీవీలో అదే నెల 9న మొదలైంది. అప్పుడు "తెలంగాణలో జిల్లాలు ఎన్ని?" అని అడిగి ఉంటే 10 అన్నవాడు గెలుస్తాడు. 2016 దసరాకు 31 అయ్యాయి, మీ వనపర్తి జిల్లా అయింది అప్పుడే. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. పాత ఎపిసోడ్‌లో అలాంటి ప్రశ్న వచ్చి, 10 అనగానే చప్పట్లు కొడితే చూసే పిల్లలు ఏమనుకోవాలి? అందుకే పాత క్విజ్ వేసే ఏ ఛానల్ అయినా తెర మూలన సంవత్సరం వేసి తీరాలి, ఎపిసోడ్ పొడవునా ఉండాలి. ఖర్చు లేని పని, అయినా చేయరు. ఈ విషయంలో నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే సంవత్సరం వేస్తే ఆ పాత ఎపిసోడే చరిత్ర పాఠం అవుతుంది. నువ్వు మాత్రం యాప్‌లో చూసేటప్పుడు తేదీ చూసుకుని నోట్స్ రాసుకో.

ప్రశ్న: రోజూ వచ్చే గేమ్ షోల్లో యాంకర్ రోజుకో డ్రెస్సు వేసుకుంటుంది. నిజంగా రోజూ షూటింగ్ చేస్తారా?
- జడ్చర్ల పాఠకురాలు

జవాబు: చాలావరకు చేయరు. అమెరికాలో జెపర్డీ అనే క్విజ్ ఒక్క రోజులో ఐదు ఎపిసోడ్లు, అంటే వారానికి సరిపడా తీసేస్తారు. మధ్యలో యాంకర్ బట్టలు మార్చుకుంటారు, గెలిచి తర్వాతి ఆటకు నిలబడేవాళ్లను కూడా రెండు మూడు జతలు తెచ్చుకోమంటారు. సెట్ ఒకటే, లైట్లు అవే, అందుకే సీరియల్ కంటే చవక.

ప్రశ్న: నేను కేబుల్ ఆపరేటర్‌ను. ఒకవేళ తెలుగులో అచ్చంగా ఆటల ఛానల్ వస్తే మా దగ్గర జనం డబ్బు పెట్టి తీసుకుంటారా? ఏ టైమ్‌లో ఏది వేస్తే నడుస్తుంది?
- దేవరకొండ

జవాబు: అన్నా, విడిగా డబ్బు కట్టి తీసుకునేవాళ్లు తక్కువే ఉంటారు. బొకేలో, అంటే కొన్ని ఛానళ్లు కలిపి అమ్మే ప్యాకేజీలో రావాలంటే ఛానల్ ధర 19 రూపాయలు దాటకూడదన్న ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన మీకు తెలిసిందే. ఇక టీఆర్పీ దేశం మొత్తం మీద 50 వేలకు పైగా ఇళ్లలో పెట్టిన మీటర్ల లెక్క, చిన్న ఛానల్‌ను దేవరకొండలో వెయ్యి ఇళ్లు చూసినా ఆ లెక్కలో కనబడకపోవచ్చు. కాబట్టి సీరియల్ టైమ్‌లో వాటితో పోటీకి దిగకూడదు. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఏదో ఒక పాత షో వేసి వదిలేయాలి.

నన్నడిగితే మధ్యాహ్నం ఆడవాళ్ల ఆట. ఈటీవీలో సుమ నడిపిన స్టార్ మహిళ ఏళ్ల తరబడి మధ్యాహ్నమే నడిచింది, ఆడింది మామూలు గృహిణులు. సాయంత్రం స్కూలు వదిలాక పిల్లల క్విజ్, ట్యూషన్‌కు వెళ్లేలోపు అయిపోవాలి. ఆదివారం పొద్దున ఒక పాత షోను మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా, ముక్కలు చేయకుండా వేయాలి. యాడ్స్ గంటకు 12 నిమిషాలే అన్న నిబంధన గట్టిగా పాటించాలి, ప్రశ్న అడిగి జవాబు ముందు బ్రేక్ ఇచ్చి పది నిమిషాలు కూర్చోబెడితే జనం రారు.

అన్నిటికంటే ముఖ్యం, ఆడేవాళ్లు. ఇప్పుడు మన షోల్లో సగం రాబోయే సినిమా వాళ్లే, వాళ్ల నవ్వులు వాళ్లవి. ఆడిషన్లు హైదరాబాద్‌లోనే కాకుండా నల్గొండలో, పాలమూరులో పెట్టి, మిల్లులో పనిచేసే ఆయన్ను, అంగన్‌వాడీ టీచరమ్మను, ఆటో నడిపే పిల్లగాణ్ని కూర్చోబెట్టి ఆడించమనండి. వాళ్ల ఎపిసోడ్ వచ్చే రోజు ఊరు ఊరంతా మీకు ఫోన్ చేసి ఛానల్ నంబరు అడుగుతుంది.