డౌటు దగ్గర తొందరపడకు

చి. సుగుణకి,

బొబ్బిలిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే గానీ, నెల్లో గలగలా మాట్లాడించేస్తామని బోర్డు రాయించేవట, అదేటమ్మా? ముందది చెరిపించు. బ్యాచికి పదిహేనుమందిని మించనీకు. గది అద్దెకి కాగితం రాయించుకో.

ఇక అసలు సంగతి. పిల్లలు పొద్దస్తమానం వాడే 'డౌట్' మాటని మాస్టర్లు స్పెల్లింగు చెప్పి దాటేస్తారు. అందులో 'బి' పలకదు, నిజమే. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ అక్షరమే లేదు; లాటిన్ మూలం 'దుబితారే' కదా అని పండితులు తర్వాత ఇరికించేరు. 'డెట్'లో దూరిందీ అలాగే. ఆ లాటిన్ మాట 'రెండు'కి చుట్టం, మనసు రెండువైపులా ఊగడమన్నమాట. ఇదంతా ఒక్క నిమిషంలో చెప్పీ.

కొంప ముంచేది వాడుక. "వాడే తీసేడని నా అనుమానం" అంటే తీసేడనే మన లెక్క. "వాడు తీసేడంటే అనుమానమే" అంటే తీసుండడని. ఇంగ్లీషులో మొదటిది 'సస్పెక్ట్', రెండోదే 'డౌట్'. మనవాళ్లు రెండింటికీ డౌటే తగిలిస్తారు. ఆఫీసులో "ఐ డౌట్ హి టుక్ ద మనీ" అని మెయిల్ పెడితే, దొంగని పట్టిద్దామని రాసినవాడే వాడి తరఫున సాక్ష్యం చెప్పినట్టవుతుంది. నా భయమల్లా అదే. నీ పిల్లలు రేపు విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగాలకెళ్తే అక్కడెవరూ సరిదిద్దరు, అపార్థం చేసుకుని ఊరుకుంటారు.

రూలు చెప్పకు. బోర్డు మధ్యలో గీత గీసి ఎడమవైపు 'అని', కుడివైపు 'అంటే' రాయి. తెలుగు వాక్యం నువ్వు చెప్పు, ఏ వైపో వాళ్లు చెప్పాలి. ఇంగ్లీషు ఆ తర్వాతే. సరిచూసుకోడానికి 'డౌట్' తీసి 'డోంట్ థింక్' పెట్టమను. అనుకున్న అర్థం నిలిస్తే సరే, తిరగబడితే 'సస్పెక్ట్' వాడాలి.

"మేడమ్, ఐ హావ్ ఎ డౌట్" అన్న పిల్లని మాత్రం కసరకు. ప్రశ్న అనే అర్థంలో మన దేశంలో అది స్థిరపడింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా పక్కనే ఉండి వాడుకని వెక్కిరిస్తామా? పైదేశాలవాళ్లకి మాత్రం 'మీ మాట నమ్మను' అన్నట్టు వినిపిస్తుంది కాబట్టి 'క్వశ్చన్' కూడా అలవాటు చెయ్యి.

ఇంకోటి. స్కాట్లాండులో "ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్" అంటే వాన పడేలా ఉందనే. పాత ఫ్రెంచిలో ఈ మాటకి భయమనే అర్థమూ ఉండేది. ఎవరైనా తెలివైన కుర్రాడు అది పట్టుకొచ్చి నిలదీస్తే బుకాయించకు, ఒప్పుకో. మనకి పనికొచ్చే ఇంగ్లీషులో చెల్లదని చెప్పు, చాలు.

సాయంత్రం బ్యాచిని ఏడుకల్లా వదిలెయ్యి తల్లీ. పల్లెల నుంచొచ్చే ఆడపిల్లలకి ఆ తర్వాత ఆటోలు దొరకవు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న