రోమన్ శిల్పాల్లో ఆఫ్రికన్లు బానిసలుగానే కనిపిస్తారా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్పాలంటే: నల్లజాతివారి శిల్పాలు ఉన్నాయి, అన్నీ బానిసలవి కావు.

మేముండేది బెర్లిన్‌లో. ఊరి నుంచి చుట్టాలు వస్తే ఆల్టెస్ మ్యూజియం చూపించడం రివాజు. వాళ్లు ఆకుపచ్చ రాతి సీజర్ పక్కన ఫోటోలు దిగుతుంటే నేను మెమ్నాన్ దగ్గర ఆగిపోతాను. క్రీ.శ. 170 ప్రాంతపు పాలరాతి తల అది. తలకు అంటుకుపోయినట్టుండే పొట్టి రింగుల జుట్టు, నిండు పెదవులు. వెక్కిరింత మచ్చుకైనా లేదు. పేరు చెక్కి లేకపోయినా, గ్రీసులో హెరోడీస్ అట్టికస్ అనే అపర కుబేరుడి విల్లాకు చెందినది కావడంతో అతని పెంపుడు కొడుకు మెమ్నాన్‌దని పండితులు గుర్తించారు. హెరోడీస్ పెంచిన ముగ్గురు కుర్రాళ్లూ చనిపోతే కన్నకొడుకులు పోయినట్టు ఏడ్చాడు. పొలాల్లో, ఊటల దగ్గర వాళ్ల విగ్రహాలు నిలబెట్టి, పాడుచేసినవాడికి శాపనార్థాలు కూడా చెక్కించాడు! మెమ్నాన్ ఇథియోపియా వాడని రాసిన ప్రాచీన గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్, ఆ ముచ్చట చెప్పింది భారతదేశపు కుర్రాడొకడి కనుబొమల మధ్య ఉన్న నెలవంక మచ్చను వర్ణిస్తూ. మెమ్నాన్‌కూ చిన్నతనంలో అలాంటిదే ఉండేదట.

అందరికీ ఈ గౌరవం దక్కలేదు. దీపాల మీద, చిన్న కంచు బొమ్మల్లో నల్లవారిని వికారంగా సాగదీసి నవ్వులాటకు చేసినవి బోలెడు.

సైనికులుగానూ ఉన్నారు. రోమ్‌లో ట్రాజన్ చక్రవర్తి విజయాలు చెక్కిన క్రీ.శ. 113 నాటి ఎత్తైన స్తంభం మీద ఉత్తరాఫ్రికా మూరు రౌతులు జీను, కళ్లెం లేని గుర్రాలపై దూసుకొస్తుంటారు. జుట్టు పాయలు పాయలుగా చుట్టి ఉంటుంది. అక్కడ కింద నిలబడి చూస్తే మెడ నొప్పే మిగులుతుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో రెండు ముక్కలుగా నిలిపిన దాని ప్లాస్టర్ అచ్చు చూడండి.

రాయి రంగును బట్టి మాత్రం మనిషి రంగు తేల్చకండి. మెమ్నాన్ తల తెల్లరాయి. రోమ్ కాపిటొలైన్ మ్యూజియంలోని నల్లరాతి సెంటార్‌లకు (సగం మనిషి, సగం గుర్రం) ఆఫ్రికాతో సంబంధమే లేదు. పైగా చాలా విగ్రహాలకు అప్పట్లో రంగులు వేసేవారు. నేటి లిబియాలోని లెప్టిస్ మాగ్నాలో పుట్టిన చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ నల్లవాడా అని కూడా కొందరు అడుగుతారు. రాతి విగ్రహాలు చెప్పవు. బెర్లిన్‌లోనే ఉన్న కుటుంబ చిత్రంలో ఆయన భార్యకన్నా ముదురు గోధుమ రంగులో ఉంటాడు. కానీ మగవాళ్లను ముదురుగా వేయడం ఆనాటి చిత్రకారుల అలవాటు. దాన్ని పట్టుకుని వాదనకు దిగడం దండగ.