అరుగు మీద అత్తమ్మకు చోటు లేకుండా పోయింది

"మాది భూదాన్ పోచంపల్లి. నాకు 36 ఏళ్లు. ముందు గదిలోనే మగ్గం. నేనూ మా ఆయనా నేస్తాం, అత్తమ్మ కండెలు చుడుతుంది. మామయ్య పోయి నాలుగేళ్లయింది. ఊరికి పేరొచ్చాక శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి జనం బాగా వస్తున్నారు. మా వీధి ఇరుకు, కార్లు రావు. నడుచుకుంటూ ఒక్కో ఇల్లూ చూసుకుంటూ వస్తారు. కొందరు అడక్కుండానే గడప దాటి ఫొటోలు తీస్తారు. పోయిన బతుకమ్మకు మేం ఆట అయిపోయి చెరువుకు బయలుదేరుతుంటే ఒకామె 'వీడియో సరిగా రాలేదు, ఇంకోసారి ఆడరా' అంది. మా ఆయన అరుగు మీద రేకులేసి చీరల దుకాణం పెట్టాడు. ఇప్పుడు అప్పు తెచ్చి పై గదులు హోమ్‌స్టే చేస్తానంటున్నాడు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చునే అత్తమ్మ బయటకు రావడమే మానేసింది. గిరాకీ దగ్గర గొడవై ఎదురింటి వాళ్లతో మాటల్లేవు. పదో తరగతి చదివే మా పాప 'మన ఇల్లు జూ లెక్క అయింది' అంటుంది. నేనేమన్నా అంటే 'ఇంటికొచ్చే లక్ష్మిని కాదంటావా' అంటాడు. సర్దుకుపోవాలా? పిల్లల్ని తీసుకుని హైదరాబాద్‌లో మా అన్న దగ్గరికి పోవాలా?"
– ఒక సోదరి

అమ్మా, మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు మీ అత్తమ్మే కళ్లముందు మెదులుతున్నారు. దేవరకొండ దగ్గర మా నాయనమ్మ ఇంటికీ అరుగుండేది. పొద్దు వాలగానే ఆమె అక్కడికి చేరేది. దారిన పోయే ప్రతి మనిషినీ "ఏం బిడ్డా, తిన్నవా" అని అడిగేది. భర్త పోయిన ఆడమనిషికి ఆ గంటసేపు మాటలే సగం బలం. మీ అత్తమ్మకు పోయింది అదే. ఆమె నోరు తెరిచి అడగలేదు కాబట్టి మీ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

అలాగని మీ ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు. చీర మరొకరి చేతిలో పెట్టి, వాళ్లిచ్చే కూలి తీసుకోవడానికీ, తన అరుగు మీదే అమ్మి డబ్బు చేతిలో పట్టుకోవడానికీ తేడా నేసేవాడికే తెలుస్తుంది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ మీ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చినవాళ్లు మీ మగ్గాలు చూసిపోయారు. ఇన్నాళ్లకు కాలం కలిసొచ్చింది, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అని ఆయన ఆత్రం. అది తప్పు కాదు. ఇంట్లో దేన్ని అమ్మవచ్చు, దేన్ని అమ్మకూడదు అని మీరందరూ కూర్చుని మాట్లాడుకోలేదు. అక్కడే చిక్కొచ్చింది.

ఇలాంటి చిక్కు మీ ఒక్క వీధిదే కాదు. అమెరికాలో ఫ్లోరిడా తీరాన సీసైడ్ అనే చిన్న ఊరుంది. తాతగారి నుంచి వచ్చిన 80 ఎకరాల్లో రాబర్ట్ డేవిస్ అనే ఆయన 1981లో దాన్ని మొదలుపెట్టాడు. ఆంద్రెస్ డ్యువానీ, ఎలిజబెత్ ప్లేటర్ జైబర్క్ దంపతులు ప్లాన్ గీశారు. కారెక్కే పని లేకుండా దుకాణానికైనా, పోస్టాఫీసుకైనా నడిచి పోవాలి. ఇళ్లకు వీధివైపు వరండా ఉండాలని రూలే పెట్టారు. అక్కడ కూర్చున్నవాళ్లు, దారిన పోయేవాళ్లు పలకరించుకోవాలని. మన అరుగే కదా అది! ఆ పద్ధతికి న్యూ అర్బనిజం అని పేరొచ్చింది. ఊరు ముచ్చటగా ఉందని జనం చూడటానికి ఎగబడ్డారు, ఇళ్ల ధరలు ఎక్కడికో పోయాయి, చాలా ఇళ్లు సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిచ్చేవే అయ్యాయి. ఏడాది పొడవునా అక్కడే ఉండే కుటుంబాలు కొద్దిగానే మిగిలాయి. ఇరుగుపొరుగు కోసం కట్టిన వరండాల్లో వారానికో కొత్త ముఖం. మీ వీధికి ఆ గతి పట్టలేదు. మీరంతా ఇంకా అక్కడే నేస్తున్నారు, అక్కడే పిల్లల్ని పెంచుతున్నారు. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలంటున్నాను.

ఆదివారం రాత్రి అలసిపోయి ఉన్నప్పుడు ఈ మాట ఎత్తకండి. జనం రాని మంగళవారమో బుధవారమో, అన్నాలు తిన్నాక, ఒక నోటుబుక్కు పెట్టుకుని కూర్చోండి. రెండు వారాల పాటు ఎంతమంది వచ్చారో, అందులో ఎంతమంది కొన్నారో, మగ్గం ఎన్ని గంటలు ఆగిందో రాయండి. మీకు నేను చెప్పేదేముంది? ఇకత్‌లో రంగు ముందే నూలుకు పట్టి ఉంటుంది, నేసేటప్పుడు పోగు పోగుకీ వరస చూసుకోవాలి. ఎవరో "ఇటు చూడండి మేడమ్" అనగానే తలెత్తితే అక్కడ పువ్వు అంచు చెదురుతుంది. చిటికి కట్టడానికి, అంటే రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేయడానికి, పడ్డ రోజుల కష్టమంతా ఆ ఒక్క క్షణంలో పోతుంది. లక్ష్మి మాట ఎత్తే మనిషికి ఈ లెక్క తప్పకుండా ఎక్కుతుంది.

ఇక గడప సంగతి. మగ్గం చూపించడానికి వేళ పెట్టుకోండి. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు చాలు. ఆ వేళ రాసి తలుపుకు కట్టండి, మిగతా టైంలో తలుపు దగ్గరికేయండి. ఫొటోకు ముందు అడగాలి, పిల్లల ఫొటోలు వద్దు, లోపలి గదిలోకి రావద్దు. ఈ మూడూ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ మీ పాప చేత రాయించండి. ఇల్లు జూ అయిందన్న పిల్ల చేతే ఆ బోర్డు రాయిస్తే, ఇది తన ఇల్లేనన్న ధీమా దానికి తిరిగొస్తుంది. అడిగినవాళ్లకు చిరునవ్వుతో చూపించండి, అడగనివాళ్లకు వద్దని చెప్పండి. మర్యాద ఎరిగినవాళ్లు నొచ్చుకోరు. బతుకమ్మ మళ్లీ ఆడమన్న ఆమెకు మీరేం చెప్పారో రాయలేదు. మళ్లీ ఎవరైనా అడిగితే "గౌరమ్మను సాగనంపుతున్నాం, వచ్చేడు రండి" అనండి. ఆ పండుగ మీది.

హోమ్‌స్టే విషయంలో మాత్రం తొందర వద్దని గట్టిగా చెబుతున్నాను. పై గదులకు మెట్లు ఇంట్లోంచా, బయట నుంచా? లోపలి నుంచైతే ముక్కూమొహం తెలియని మనుషులు రాత్రి పదింటికి మీ వంటగది పక్క నుంచి ఎక్కుతారు. మార్చిలో పరీక్షలు రాసే పిల్ల ఎక్కడ కూర్చుని చదువుకుంటుంది? ఇల్లు మీ మామయ్య పేరు మీదే ఉండి, ఆయన వీలునామా రాయకపోతే అందులో మీ అత్తమ్మకూ భాగం ఉంటుంది, ఆడబిడ్డలు ఉంటే వాళ్లకూ ఉంటుంది. వాళ్లను అడక్కుండా అప్పు తేవడం రేపు ఇంకో గొడవకు దారి. పాప పరీక్షలు అయ్యేదాకా ఆగుదామని అడగండి. ఈలోపు దుకాణం లెక్క ఎటూ తేలుతుంది.

ఎదురింటితో మాట కలపడం మీ రెండిళ్ల మగవాళ్ల వల్ల అయ్యేట్టు లేదు. వచ్చినవాళ్లను చెయ్యి పట్టి లాక్కున్నారన్న మాట దగ్గరే ఇలాంటి గొడవలు మొదలవుతాయి. ఆ ఇంట్లో మీ అత్తమ్మ ఈడు మనిషి ఉండే ఉంటుంది. ఇద్దరూ ఎన్ని బతుకమ్మలు కలిసి పేర్చి ఉంటారు! మలీదముద్దలో సత్తుపిండో పట్టుకుని అత్తమ్మను వెంటబెట్టుకుని మీరే వెళ్లండి. గిరాకీ మాట ఆ రోజు ఎత్తకండి. తర్వాత వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి ఒక మాట అనుకోవచ్చు. ఎవరి గుమ్మం ముందు ఆగినవాళ్లు వాళ్ల గిరాకీ, పక్కింటివాళ్లు పిలవకూడదు. చూసే వేళ కూడా అందరిదీ ఒకటే అయితే మీ ఒక్కరికే నష్టం అన్న భయం మీ ఆయనకు ఉండదు.

అన్న ఇంటికి పండక్కి వెళ్లండి, నాలుగు రోజులుండి రండి. కాపురం వదిలి వెళ్లేంత కారణం మీరు రాసిన దాంట్లో నాకు కనబడలేదు. రాయని బాధ ఏదైనా ఉంటే, ఆయన చెయ్యి చేసుకోవడం లాంటిది ఉంటే, అప్పుడు నేను చెప్పే మాట వేరు. అలాంటిదే అయితే ఆలోచించకుండా 181కి ఫోన్ చేయండి, మహిళల కోసం ఉన్న నంబరు అది.

ఈ రోజు సాయంత్రమే ఒక పని చేయండి. దుకాణం కట్టేశాక అరుగు మీద ఒక మూల చీరల మూటలు తీసేసి, తుడిచి, చాప పరవండి. రెండు గ్లాసుల చాయ్ తీసుకుని అత్తమ్మను పిలిచి మీరూ పక్కన కూర్చోండి. ఆమె ఏమన్నారో నాకు రాయండి.