లగ్జరీ షాపులకు విండో డిస్‌ప్లే: వరంగల్‌లో ఉండి నేర్చుకోవచ్చా?

లగ్జరీ షాపుల విండో డిస్‌ప్లే చేయాలంటే హైదరాబాద్ వెళ్ళి కోర్సు చేయాల్సిందేనా, వరంగల్‌లో ఉండి నేర్చుకోవచ్చా అని అడిగారు. నేను హన్మకొండలో ఈ పనే చేస్తున్నా. కోర్సు కంటే ముందు ఒక సాయంత్రం చౌరస్తాలో నిలబడి, ఏ షాపు అద్దం ముందు జనం ఆగుతున్నారో చూడండి. దాదాపు ఎక్కడా ఆగరు. అద్దం నిండా బొమ్మలు, ఒక్కోదానికి ఒక్కో రంగు చీర, వాటి మీద ఆఫర్ స్టిక్కర్లు. అంత ఖరీదైన అద్దం పెట్టించి స్టిక్కర్లతో ఎందుకు మూస్తారో నాకు అర్థం కాదు.

ఒక బతుకమ్మ సీజన్‌లో పట్టుచీరల షోరూం పని వచ్చింది. తంగేడు పువ్వు రంగు గద్వాల పట్టు ఒక్కటే తీసుకున్నా. బొమ్మకు కట్టకుండా, కొంగు మీది జరీ కంటి ఎత్తులో కనపడేలా పైనుంచి వేలాడదీశా. చుట్టూ ఎండిన గునుగు పూలు, కనపడని నైలాన్ దారాలతో. తంగేడు అయితే లైట్ల వేడికి పూటలో వాడిపోతుంది, గునుగు ఎండినా నిలుస్తుంది. సేటు చూసి, "ఏంది తమ్మీ, గింత అద్దం పెట్టిచ్చింది ఒక్క చీరె చూపెట్టెతందుకేనా?" అన్నాడు. పండుగ దాకా ఆగమని బతిమిలాడా.

అసలు తలనొప్పి ఎండతో. షాపు పడమటి ముఖం, వెనక నల్ల బోర్డు. మధ్యాహ్నం దాటితే అద్దంలో ఆటోలు, మన ముఖం తప్ప లోపలిదేమీ కనపడదు. బోర్డు తీసేసి లేత గోధుమ రంగు గుడ్డ కట్టించా, లోపల వెలుతురు పెంచా. 6500 కెల్విన్ తెల్ల లైట్లు పీకేసి పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ స్పాట్ లైట్లు, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే కొలత) 90 పైనవి, పక్కనుంచి వాలుగా పెట్టించా. అప్పుడు జరీ మెరిసింది. మన ఊళ్ళో బంగారం షాపుల్లో కూడా ఆ తెల్ల లైట్లే వేసి బంగారాన్ని పాలిపోయినట్టు చూపిస్తారు, చూస్తే బాధేస్తుంది.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు ఆగారు. ముందు చీర గురించి కాదు, ఈసారి గునుగు ఎక్కడ దొరుకుతోందని మాట్లాడుకున్నారు. తర్వాత చీర ధర అడగడానికి లోపలికి వెళ్ళారు. ఊరు ఏం మాట్లాడుకుంటోందో అది అద్దంలో ఉండాలని నా గట్టి నమ్మకం. న్యూయార్క్‌లో టిఫనీ అనే నగల షాపు షోకేసులు 1955 నుంచి దాదాపు నలభై ఏళ్ళు చేసిన జీన్ మూర్ చేసిందీ ఇదే. 1965లో ఆ నగరానికి నీటి కరువొస్తే, ఫౌంటెన్‌లో నీళ్ళకు బదులు జిన్ అనే మద్యం పోసి నగలు పెట్టాడు. ఆయన వాడినవి కోడిగుడ్లు, ఐసు, పురికొస లాంటి మామూలు వస్తువులే.

మనకేం తక్కువ? పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్నని వెండి తీగల పని), చేర్యాల బొమ్మలు, వరంగల్ దర్రీలు ఇంటి పక్కనే ఉన్నాయి. అయినా థర్మాకోల్ ఈఫిల్ టవర్ పెడుతున్నారు.

హైదరాబాద్ వెళ్తే లైటింగ్ నేర్చుకోవడానికి వెళ్ళండి, అది బాగా చెప్తారు. మిగతాది ఇక్కడే నేర్చుకోవచ్చు. తెలిసినవాళ్ళ షాపులో ఒక చిన్న అద్దం అడిగి మొదలుపెట్టండి, డిస్‌ప్లే అయ్యాక రోడ్డు అవతలి నుంచి మధ్యాహ్నం ఒక ఫొటో, రాత్రి ఒక ఫొటో తీసుకోండి. తర్వాతి సేటు మాటలు వినడు, ఆ ఫొటోలే అడుగుతాడు.