గుమాస్తా పిడికిలి

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర శెనక్కాయల మిల్లు. నాన్న పోయాక రెండేళ్లుగా నేనే చూసుకుంటున్నా. తేమ చూసే మీటరు కొన్నా, లెక్కలకు కంప్యూటర్ పెట్టా. మా గుమాస్తా మాత్రం ఇప్పటికీ కాయలు పిడికిట్లో పట్టి చెవి దగ్గర ఊపుతాడు. తూకం ఎర్ర రిజిస్టర్లో రాసి, మళ్లీ కంప్యూటర్లో ఎక్కిస్తాడు. కూతురి పెళ్లికని ఆయన 10 రోజులు రాలేదు. ఆ రోజుల్లో మీటరు చూసి దించుకున్న సరుకులో 40 మూటలు బూజు పట్టాయి. తప్పు మీటరుదా, మనుషులదా?
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు ఇది చెప్పండి. మీటరులో వేసే కాయలు మూటలో ఎక్కడినుంచి తీస్తున్నారు? పైనుంచే అయ్యుంటుంది. నేను చూసిన పాతకాలం గుమాస్తాలు మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి తీసేవాళ్లు. ఎండిన కాయైతే లోపల గింజ గలగలమంటుంది, పచ్చిదైతే పలకదు. ఊపుతూనే రైతును ‘వానకు ముందు పీకినారా, తర్వాతనా?’ అని అడిగేసేవాళ్లు. మీరు తేమ చూసే పని మీటరుకిచ్చారు. ఆ చెయ్యి, ఆ ప్రశ్న ఎవరికీ ఇవ్వలేదు. కాయలో తేమ 8-9 శాతానికి దిగకుండా మూట కడితే బూజు రాక ఏమవుతుంది?

1982లో నెల్సన్, వింటర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ సంగతే రాశారు. సంస్థకు తెలిసిన విద్య అది రోజూ చేసే పనుల్లోనే ఉంటుందట, చేస్తూ ఉంటేనే గుర్తుంటుందట. 10 రోజులు ఆ చెయ్యి ఆగింది, మీ మిల్లు మరిచిపోయింది.

అలాగని పాతవన్నీ గొప్పవని అనను. కర్నూలులో ఓ ఆఫీసు స్టోర్సులో 30 ఏళ్లు చేశాను. ప్రతి బిల్లూ మూడో బల్ల మీద ఒక రాత్రి నిద్ర చేసేది. ఆ బల్ల పెద్దమనిషి ఎప్పుడో రిటైరయ్యాడు, ఆయన సంతకం అవసరమూ పోయింది. అయినా సాయంత్రం ప్యూను పెట్టేవాడు, పొద్దున తీసేవాడు. ఎందుకని నేనూ ఏనాడూ అడగలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మీ ఎర్ర రిజిస్టరూ అలాంటిదేనేమో కనుక్కోండి. తూకం ఒప్పుకున్నట్టు రైతు అందులో సంతకం పెడుతుంటే మాత్రం ముట్టుకోవద్దు.

మీటరు పారేయకండి. గుమాస్తా అడుగునుంచి తీసిన కాయలనే అందులో వేయించండి, పక్కన ఓ కుర్రాణ్ణి నిలబెట్టండి. మొదట్లో ఆయనకు చిరాకే. మీ నాన్న దగ్గర ఈ పని ఎలా నేర్చుకున్నాడో అడిగి చూడండి. కబుర్లలో పడ్డాడంటే, చెయ్యి దూర్చే పని తనే కుర్రాడికి వదిలేస్తాడు.