పెద్ద టెక్ కంపెనీల ఒత్తిడిని తట్టుకుని డిజిటల్ చట్టాలు నిలబడగలవా?

“సేవలే ఆపేస్తామని కంపెనీలు బెదిరిస్తే ప్రభుత్వం ఏం చేయగలదు?” అన్నదానికి జవాబు చాలావరకు మార్కెట్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. వార్తా సంస్థలకు ప్రతిఫలం చెల్లించాలనే చట్టాన్ని ఆస్ట్రేలియా తెస్తుండగా, 2021 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ అక్కడ వార్తలను నిలిపివేసింది. ఆ దెబ్బకు వాతావరణ శాఖ పేజీతో పాటు కొన్ని రాష్ట్రాల ఆరోగ్య శాఖల పేజీలు కూడా ఖాళీ అయ్యాయి. కొద్ది రోజుల్లోనే, కొన్ని సవరణలు రాబట్టుకుని, కంపెనీ దిగివచ్చింది, చట్టమూ ఆమోదం పొందింది. కెనడాలో 2023లో ఇలాగే మొదలైన నిలిపివేత మాత్రం అంత త్వరగా తొలగలేదు.

అందుకే దేశాలు కూటమిగా చట్టం చేయడమే గట్టి రక్షణ అని నా అభిప్రాయం. పెద్ద టెక్ కంపెనీలు పోటీని అణచివేయకుండా చూసే ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం ప్రకారం జరిమానా కంపెనీ ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 10 శాతం వరకు, ఉల్లంఘన పునరావృతమైతే 20 శాతం వరకు ఉండవచ్చు; 2025 ఏప్రిల్‌లో ఆపిల్‌కు 50 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు 20 కోట్ల యూరోలు విధించారు. ఫోన్లన్నిటికీ ఒకే రకం ఛార్జర్ పనిచేయాలన్న సమాఖ్య నిబంధనను తొలుత వ్యతిరేకించిన ఆపిల్, గడువుకు ముందే 2023లో ఐఫోన్‌కు యూఎస్‌బీ‑సీ పోర్టు అమర్చింది.

సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వాలు విమర్శకుల నోరు నొక్కే ప్రమాదమూ లేకపోలేదు కనుక, కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వులను స్వతంత్ర న్యాయస్థానంలో సవాలు చేసే వీలు డిజిటల్ చట్టంలోనే ఉండాలి.